బొమ్మ పట్టుకెళ్తారు, మరి ఆట?

మా పిన్ని కూతురు రాజమండ్రిలో కూచిపూడి నేర్పుతుంది. ఈసారి సుందరకాండను బ్యాలేగా కడుతోంది. వేదిక వెనకంతా ఎల్‌ఈడీ తెర, దాని మీద పది తలల రావణుడు, ముందు సీతగా తను. ఆ రావణుడు తోలుబొమ్మే కావాలని పట్టుబట్టి, "నువ్వూ రా అక్కా, చూసి రాద్దువుగాని" అంటూ నన్ను కాకినాడ పక్కనున్న మాధవపట్నం తీసుకెళ్లింది. తోలుబొమ్మలాడించే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఊరది.

మాతో గ్రాఫిక్స్ చేసే కుర్రాడొకడు వచ్చాడు. వచ్చీ రాగానే రావణుణ్ణి తెల్లగుడ్డ మీద పరిచి టకటకా ఫొటోలు తీసేశాడు. "బొమ్మ దొరికితే చాలండి, కదలిక మేం కంప్యూటర్లో పెట్టేసుకుంటాం" అన్నాడు. అరుగు మీద మేకతోలుకి ఉలితో చిల్లులు కొడుతున్న పెద్దాయన చెయ్యి ఆగింది. "బొమ్మ పట్టుకెళ్తారు, సరేనండి. మరి ఆట?" అన్నాడు.

ఆ మాట తర్వాత నాకు తోలు నానబెట్టడం, బొచ్చు గీకడం, రంగులు వేయడం ఏవీ తలకెక్కలేదు. ఆయన్ని ఆడించి చూపించమని అడిగాం. రావణుణ్ణి పక్కనబెట్టి నర్తకి బొమ్మ తీశాడు. మెడ, భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్లు అన్నీ విడి ముక్కలే, దారం ముడులతో కలిపినవి. నిలువుగా చీల్చిన బద్ద మధ్యలో బొమ్మను బిగించి ఎడమచేత్తో పట్టుకున్నాడు. బొమ్మ చేతులకు తగిలించిన రెండు సన్నపుల్లలు కుడిచేతి వేళ్ల సందున ఇమిడిపోయాయి. కాళ్లకు పుల్లలు లేవు. మణికట్టు విసురుకి నడుము ముందు తిరిగింది, కాలు రెప్పపాటు ఆలస్యంగా వచ్చి చేరింది. ఆ ఆలస్యంలోనే ఉంది నాట్యమంతా. "మోచేతి ముడి బిగువుండాలమ్మా, మోకాలిది వదులుండాలి" అన్నాడు పెద్దాయన మా చెల్లెలితో. దీపం ముందు కట్టిన తెల్లగుడ్డకు బొమ్మను ఆనిస్తే గీత గీసినట్టు కనబడింది. దీపం వైపు లాగితే పెరిగి, మసకబారి, మాయమైంది. ఇంతసేపూ ఆయన పాదాలూ ఊరుకోలేదు. ప్రదర్శనలో అయితే కాళ్లకు గజ్జెలు కట్టి చెక్కబల్ల తొక్కుతూ ఆడిస్తారు. నర్తకి వేసే ప్రతి అడుగూ ముందు ఆయన కాలిలో పడుతుంది.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. తోలుబొమ్మను మనం ఎప్పుడూ బొమ్మగానే చూశాం. ఆంధ్ర తోలుబొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ అది హస్తకళా వస్తువుగా వచ్చింది. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ తోలుతోనే దీపాల తొడుగులు చేసి బతుకుతున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. చేసిన వస్తువుకి కొనేవాడున్నాడు. ఆడించే మణికట్టుకు ఎవరున్నారు? రాత్రంతా రామాయణం చూసే ఊళ్లు పోయాయి. నాలుగైదడుగుల బొమ్మను గంటలకొద్దీ ఎత్తిపట్టగల భుజాలు ఒక్కొక్కటే వాలిపోతున్నాయి.

కంప్యూటర్ మీద నాకేమీ కోపం లేదు. అమెరికా నృత్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 1999లో 'బైపెడ్' చేసినప్పుడు నర్తకుల కీళ్లకు గుర్తులు అంటించి, ఆ కదలికను కంప్యూటర్లోకి ఎక్కించి, వేదిక ముందున్న పల్చటి తెర మీద వెలుగుబొమ్మలుగా ఆడించారు. ముసలితనంలో ఆయన చేతులూ వేళ్లూ చేసే 'లూప్స్' అనే నృత్యాన్ని కూడా అలాగే పట్టి దాచారు. వేళ్ల కదలిక కూడా నృత్యమేనని వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టే అంత శ్రమపడ్డారు. మాధవపట్నంలో ఉన్నవీ అలాంటి వేళ్లే. కాకినాడలో ఇంజనీరింగ్ విద్యార్థులకు కొదవలేదు. ఏ ముడి ఎంత వదులో, ఏ విసురుకి ఏ కాలు ఎంత ఆలస్యంగా వస్తుందో ఆడించే మనిషి ఉండగానే నమోదు చేయాలి. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఊహించి కదిలిస్తే రావణుడు కదులుతాడు, ఆడడు.

మా చెల్లెలు అప్పటికప్పుడే మనసు మార్చుకుంది. ఫొటోలు చాలవని కుర్రాడికి చెప్పేసింది. పెద్దాయన చేతులకీ కాళ్లకీ గుర్తులు అంటించి ఆయన ఆటనే తెర మీదికి తేవాలనీ, కరపత్రంలో నృత్య దర్శకత్వం కింద ఆయన పేరు తన పేరు పక్కనే వేయాలనీ, ప్రదర్శన జరిగిన ప్రతిసారీ ఆయన వాటా ఆయనకు అందాలనీ నిర్ణయించింది.

"మరి మద్దెలవాడికో?" అన్నాడాయన వెంటనే. "మద్దెల లేకుండా చెయ్యెలా ఆడుతుందమ్మా? ఆడి పేరూ రాయండి, ఆడి వాటా కూడా కట్టండి."

కుర్రాడు ఫోను తీసి ఆ పేరూ రాసుకున్నాడు.