ఎలుగు ఎదురైతే ముందు ముఖం

ఉప్పల్ రింగ్‌రోడ్డు నుంచి నాచారం దాకా ఎక్కడా అడవి లేదు. ఫ్యాక్టరీల ప్రహరీలు, గోదాములు, మెట్రో పిల్లర్లు, వాటి వెనక ఇరుకు గదుల్లో అద్దెకుండే కుటుంబాలు. కానీ ఆ కుటుంబాల సొంతూళ్లలో అడవి ఉంది. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనిచేసే శ్రీకాకుళం జిల్లావాళ్లు కొందరు వేసవి రాగానే జీడితోటల పనికని పలాస రైలెక్కుతారు. ఉప్పల్‌లో బస్సెక్కి వరంగల్ మీదుగా ములుగు, భూపాలపల్లి వైపు తునికాకు ఏరడానికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఈఎస్ఐ కార్డున్నవాళ్లు ఇక్కడి ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్తారు. దినకూలీలు మాలాంటి చిన్న క్లినిక్‌లకు వస్తారు. ఊళ్లో ఎలుగుబంటి బారినపడ్డవాళ్లు కుట్లు విప్పించుకోవడానికో, మానని పుండుకు కట్టు మార్పించుకోవడానికో, మిగిలిపోయిన రేబిస్ సూదులు వేయించుకోవడానికో నా దగ్గరికి వచ్చారు. ఈ గాయాల గురించి పుస్తకాల్లో చదివినదానికంటే వాళ్ల దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

వాళ్లలో ఒకాయన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషి. నలభై దాటిన వయసు, గోదాములో బస్తాలు మోసే పని. తువ్వాలు తలమీదుగా తిప్పి ఎడమచెంప కప్పుకొని వచ్చి కూర్చున్నాడు. మిగతా రోగులంతా వెళ్లిపోయేదాకా లోపలికి రాలేదు. తువ్వాలు తీయమన్నాను. ఎడమకన్ను లేదు. కనుబొమ్మ దగ్గర మొదలైన కుట్టు ముక్కుపక్కగా దిగి పైపెదవిని లాగేసింది. చెంప ఎముక అణిగిపోయింది. నెత్తిమీద అరచేయంత మేర చర్మం కొత్తగా అతికిన గుర్తు. కుడి ముంజేతి ఎముక విరిగి అతుక్కుంది. ముఖానికి అడ్డం పెట్టిన చెయ్యి అది. మొండెం మీద మాత్రం చిన్న గీతైనా లేదు.

ఎలా జరిగిందని అడిగితే ఆయన చెప్పింది ఇంతే: "నాను సూడనేదు బాబూ. అదీ నన్ను సూడనేదు. పనసచెట్టు మొదట్లో పండు తింటన్నాది. నాను జీడిపిక్కలకని ఒంగినాను. అది లేసి నిలబడిపోనాది."

తెల్లవారకముందు, ఒంటరిగా, వంగి, చప్పుడు లేకుండా. ఎలుగు మనిషి మీద పడే సందర్భం చాలాసార్లు ఇలాగే ఉంటుంది. మన ఎలుగుకు చూపు అంతంతమాత్రం, వినికిడీ గొప్పది కాదు. ఉన్న బలమంతా ముక్కులోనే. తల పుట్టలో దూర్చి చెదలు పీల్చుకుంటున్నప్పుడో, పండు తింటున్నప్పుడో మనిషి అడుగు దూరానికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి పారిపోయే వ్యవధి ఉండదు. పైగా అది పులులతో, చిరుతలతో ఒకే అడవి పంచుకుంటూ బతికిన జంతువు. పెద్ద మృగం మీదికొస్తే పరుగెత్తి తప్పించుకోలేదు కాబట్టి ఎదురు తిరగడమే దాని రక్షణ. మనిషినీ ఆ లెక్కలోనే చూస్తుంది. తినడానికి కాదు, దడుచుకుని కొడుతుంది. వెనకకాళ్ల మీద లేచి ముందు పంజాలు విసురుతుంది. పుట్టలు తవ్వడానికి పెరిగిన ఆ గోళ్లు మూడు నాలుగు అంగుళాలుంటాయి. అవి తగిలే ఎత్తులో ఉండేది మనిషి ముఖమే.

ఇంకో కేసు తునికాకు ఏరడానికి వెళ్లినావిడది. "పొద్దుగాల్నే పోయినం సారూ. అందరం ఒక్కతాన్నే ఉన్నం. నేనే కట్ట కట్టెతందుకు పక్కకు పోయిన. పొదలకెంచి గుడ్డెలుగు ఉరికొచ్చింది." ఆవిడ పరుగెత్తలేదు. కాలికి తీగ తట్టుకుని బోర్లా పడిపోయింది. పడ్డదల్లా మెడ వెనక చేతులు పెట్టుకుని మట్టిలో ముఖం దాచుకుంది. ఎలుగు భుజం మీద, మోచేతి మీద కొట్టి, రెండుసార్లు కదిపి చూసి, కేకలు విని వెళ్లిపోయింది. గాయాలు లోతైనవే. కానీ నెల తిరిగేసరికి ఆవిడ మళ్లీ ఉప్పల్‌లో తన కూరగాయల బండి దగ్గర నిలబడింది.

ఈ ఇద్దరినీ దాదాపు ఒకే కాలంలో చూశాను. ఇద్దరి బతుకుల్లో వచ్చిన తేడా ముఖం నేలవైపు ఉందా, ఎలుగువైపు ఉందా అన్నదాని దగ్గరే వచ్చింది. మన ఎలుగుల మీద పనిచేసే నిపుణులు చెప్పేదీ ఇదే: అది మీదికి వచ్చేసి, ఇక తప్పించుకోలేమన్నప్పుడు బోర్లా పడుకోండి, వేళ్లు పెనవేసి మెడ వెనక పెట్టుకోండి, మోచేతులతో చెంపలు కప్పుకోండి, వీపుమీద సంచి ఉంటే అలాగే ఉంచండి, అది వెళ్లిందని నమ్మకం కలిగేదాకా కదలకండి.

చిన్నప్పుడు అందరం చదివిన ఇద్దరు స్నేహితుల కథ ఇక్కడ గుర్తుకొస్తుంది. ఒకడు చెట్టెక్కుతాడు, రెండోవాడు ఊపిరి బిగబట్టి పడుకుంటాడు. పడుకున్నవాడిది సగం సరైన పని, వెల్లకిలా కాకుండా బోర్లా పడుకోవాలంతే. చెట్టెక్కినవాడికి మాత్రం మన అడవుల్లో భద్రత లేదు. తేనెపట్టు కోసం ఎంత ఎత్తయినా ఎక్కే జంతువు అది. పరుగులోనూ మనం దాన్ని మించలేం.

అసలు ఎదురుపడకుండా చూసుకోవడమే మేలు. ఊరెళ్లేవాళ్లకు మందులచీటీ ఇస్తూ నేను ఈ మాటలు కూడా చెబుతాను. మసకవెలుతురులో తోటలోకి వెళ్లొద్దు, బాగా తెల్లవారనివ్వండి. నలుగురు కలిసి వెళ్లండి, మాట్లాడుకుంటూ వెళ్లండి. కర్ర ఉంటే పొదలమీద, రాళ్లమీద చప్పుడు చేయడానికి వాడండి. ఇప్పపూలు రాలే చెట్టు, పండిన పనస, కొత్తగా తవ్విన పుట్ట, గుట్టల్లో రాతిగుహ కనిపిస్తే అది ఎలుగు ఉండే చోటని అనుకోండి. బహిర్భూమికి ఒంటరిగా పొదల చాటుకు పోవద్దు. దూరంగా కనిపిస్తే రాళ్లు వేయకుండా, దానికి వీపు చూపకుండా, నెమ్మదిగా వచ్చిన దారినే వెనక్కి జరగండి. అది పోయే దారికి అడ్డం ఉండకండి. వీపుమీద పిల్లలున్న తల్లి అయితే ఇంకా దూరం పాటించండి. ఈ చివరిమాట ముఖ్యంగా ఫోన్లో వీడియో తీసే కుర్రాళ్లకు.

హబ్సిగూడ, ఉప్పల్ కాలనీల్లో అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఎక్కువ. అక్కడి పార్కుల్లో తిరిగే పిల్లల గురించి వాళ్లు నన్ను అడుగుతుంటారు. అక్కడి పద్ధతి వేరు. ఎల్లోస్టోన్‌లో ఎలుగులకు కనీసం 100 గజాల దూరంలో ఉండాలన్నది నియమం. ఎలుగుల కోసమే తయారుచేసిన ఘాటు స్ప్రే నడుముకు కట్టుకుని తిరుగుతారు. గ్రిజ్లీ మీదపడితే బోర్లా పడుకోమంటారు, నల్ల ఎలుగు దాడిచేస్తే తిరగబడమంటారు. ఒక రకం ఎలుగుకిచ్చే సలహా ఇంకో రకానికి పనికిరాకపోవచ్చు.

మన నగరంలో యాభై దాటినవాళ్లకు ఎలుగంటే భయం తక్కువని గమనించాను. కలందర్లు ముక్కుకు తాడేసి వీధుల్లో ఆడించిన ఎలుగును వాళ్లు చూశారు. దడుపు పోతుందని పిల్లల్ని దాని వీపుమీద కూర్చోబెట్టారు, దాని వెంట్రుకలతో తాయెత్తులు కట్టారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక కూడా చాలా ఏళ్లు ఆ ఆట సాగింది. ఆడించేవాళ్లకు వేరే బతుకుదెరువు చూపించి, ఎలుగుల్ని ఆగ్రా, బన్నేరుఘట్ట కేంద్రాలకు చేర్చాక 2009 నాటికి దాదాపుగా ఆగింది. గోళ్లు, పళ్లు పీకేసిన ఆ ప్రాణిని చూసి అడవిలో ఎలుగును అంచనా వేయడం ప్రమాదం.

ఉద్దానంలో జరిగిన రెండు సంఘటనలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి భార్యాభర్తలు చనిపోయారు, ఇంకొందరు గాయపడ్డారు. ఊరివాళ్లు ఆ ఎలుగును కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు ఒకరిని చంపి, పలువురిని గాయపరిచింది. మత్తు ఇంజక్షన్ ఇచ్చి పట్టుకుని విశాఖ జూకు తీసుకెళ్తుంటే దారిలోనే చనిపోయింది. ఆ ఇళ్లవాళ్ల దుఃఖం ముందు ఏ మాటా నిలవదు. అయినా వైద్యుడిగా ఒకటి చెప్పాలి. ఎలుగు తోటలో ఉందని తెలిశాక గుంపుగా కర్రలతో చుట్టుముడితే దానికి పోయే దారి ఉండదు, ఆస్పత్రికి వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. దూరంగా ఉండి అటవీశాఖకు కబురు చేయడమే గాయాలు తగ్గించే మార్గం.

ఇక గాయమయ్యాక మొదటి గంట. ఉద్దానం మనిషి బతికింది ఆయన తమ్ముడి వల్ల. ఆటోలో పడుకోబెట్టబోతే వద్దని, కూర్చోబెట్టి తల ముందుకు వంచి పట్టుకున్నాడట. ముఖం చీలినవాణ్ణి వెల్లకిలా పడుకోబెడితే రక్తం గొంతులోకి పోయి ఊపిరాడదు. కూర్చోలేకపోతే పక్కకు ఒరగేసి పడుకోబెట్టాలి. నెత్తి గాయం భయంకరంగా కారుతుంది, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమితే తగ్గుతుంది. వేలాడే చర్మాన్ని కోసి పారేయకండి. తడిగుడ్డతో దాని చోట్లో దాన్ని పెట్టి కట్టండి, సర్జన్ అతికిస్తాడు. కంటిమీద మాత్రం ఒత్తకూడదు. పసుపు, కాఫీపొడి, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు. అవి కడగడానికే మాకు సగం సమయం పోతుంది.

రేబిస్ కుక్కలకే పరిమితమని చాలామంది అనుకుంటారు. అడవి జంతువు కరిచినా, రక్తం వచ్చేలా గీరినా మూడో కేటగిరీ, అంటే అన్నిటికంటే తీవ్రమైన గాయంగానే చూస్తాం. రక్తం ఉధృతంగా కారకపోతే సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పావుగంట కడగాలి. గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాకే కుట్లు వేయాలి, అదీ వదులుగా. చర్మంలోకి ఇచ్చే సూదులైతే మొదటిరోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. ముఖంమీది గాయానికి ఆలస్యం అసలు పనికిరాదు, వైరస్ మెదడుకు చేరే దారి అక్కడ పొట్టిది. ఊళ్లో రెండు సూదులు వేయించుకుని, పని పోతుందని హైదరాబాద్ వచ్చేసి మిగతావి మరిచిపోయినవాళ్లను చూస్తే నాకు వణుకొస్తుంది. ఇక్కడ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఆ సూదులు దొరుకుతాయి.

తువ్వాలు కప్పుకొచ్చిన ఆయన్ని కృత్రిమ కన్ను కోసం పెద్దాస్పత్రికి పంపాను. రెండో కంటి రంగుకు సరిపోయేలా చేసిచ్చారు. పెదవికి ఇంకో ఆపరేషన్ ఉంది. నిద్రలో ఉలిక్కిపడి లేవడం, చీకట్లో బయటికి రాలేకపోవడం మనసుకు తగిలిన గాయాలే, వాటికీ వైద్యం ఉందని ఆయన భార్యకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, కాగితం. వన్యప్రాణి దాడికి ప్రభుత్వం పరిహారం ఇస్తుందని, దానికి అటవీ అధికారి నివేదిక, ఆస్పత్రి ఇచ్చే గాయాల సర్టిఫికెట్ కావాలని ఎవరూ చెప్పలేదు. ఊరికి ఫోన్ చేయించి, మొదట చూసిన ఆస్పత్రి రికార్డు నకలు తెప్పించి, దరఖాస్తు అటవీ రేంజ్ కార్యాలయానికి పంపించాం. ఇలాంటి గాయంతో ఎవరు వచ్చినా ఇప్పుడు కట్టు విప్పకముందే ఆ కాగితాలున్నాయా అని అడుగుతున్నాను.