పెట్రోలులో కాస్త నూనె

నూనె తగిలితే ఏ యంత్రమైనా సుఖంగా తిరుగుతుందని మా పల్లెల్లో గట్టి నమ్మకం. బండి ఇరుసుకు కందెన పూసిన చేతులు కదా! నమ్మకం చెడ్డది కాదు. ఎక్కడ, ఎందుకు, ఎంత అన్నది తెలియకపోతేనే చిక్కు.

మా రుద్రవరం పొలాల్లో వీపున మోసే పెట్రోలు స్ప్రేయర్లు చూస్తుంటాం. టూ-స్ట్రోక్ ఇంజనుదైతే అందులో నూనెకు వేరే గది ఉండదు. పెట్రోలు, గాలి కలిసి క్రాంకు గది గుండా పోయి సిలిండరు చేరతాయి. ఆ దారిలో బేరింగులకూ పిస్టనుకూ నూనె మోసుకుపోయేది పెట్రోలే. లీటరుకు 20 మిల్లీలీటర్లు కలపమని డబ్బా మీద ఉంటే అంతే కలపాలి. మరిచిపోతే పిస్టను పట్టేస్తుంది. ఒకప్పటి రాజ్‌దూత్, జావా మోటారు సైకిళ్లదీ ఇదే పద్ధతి.

మా పెదనాయనకు 1489 సీసీ పెట్రోలు ఇంజనున్న పాత అంబాసడర్ ఉంది. ట్యాంకు నింపినప్పుడల్లా స్ప్రేయరుకు పోసే టూ-టీ ఆయిలే దానికీ పోసేవాడు. “పెట్రోల్లో సీసం తీసేసినారు కదరా, వాల్వులు ఎండిపోతాయి” అనేవాడు. ఇంజను విప్పాల్సి వస్తే ఆ ఏటి పంట డబ్బు దానికే పోతుందని ఆయన భయం.

ఆయన మాటలో సగం నిజముంది. 1921లో అమెరికాలోని జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ, ఇంజను కొట్టుకోవడాన్ని ఆపడానికి టెట్రా ఇథైల్ లెడ్ పనికొస్తుందని కనిపెట్టాడు. అది మండాక మిగిలే సీసం పొర, మెత్తని వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. అయితే అదే సీసం పొగలో కలిసి పసిపిల్లల మెదడుకు చేటు చేసింది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. 2021లో అల్జీరియా కూడా మానేయడంతో కార్లకు సీసం పెట్రోలు లోకంలోనే లేకుండా పోయింది. పోయిందని బాధపడవలసిన పని లేదు.

మరి టూ-టీ ఆయిలు సీసం పని చేస్తుందా? దాన్ని తయారు చేసింది అందుకు కాదు. అంబాసడర్‌ది ఫోర్-స్ట్రోక్ ఇంజను. అడుగున ఛాంబరులో నూనె ఉంది, దాన్ని పైకి తోడే పంపు ఉంది. పెట్రోల్లో నూనె ఎక్కువైతే ప్లగ్గులు నల్లబడతాయి, మసి పేరుకుంటుంది, పెట్రోలు ఆక్టేను తగ్గుతుంది. సీటు అరుగుడు కూడా ముఖ్యంగా ఎక్కువ వేగంతో, బరువుతో చాలాసేపు నడిపే బండ్లకే. ఆళ్లగడ్డ సంతకు నెమ్మదిగా పోయొచ్చే కారుకు ఆ బెడద తక్కువ.

తెలుసుకునే ఉపాయమూ ఉంది. సీటు అరిగితే వాల్వు లోనికి దిగి, టాపెట్ సందు తగ్గుతూ వస్తుంది. మేస్త్రీ చేత ఫీలర్ గేజితో కొలిపించి, అంకెలు నోటుపుస్తకంలో రాసుకొని, నూనె ఆపేశాం. ఆరు నెలల తరువాత మళ్లీ కొలిస్తే సందు తగ్గలేదు. “తగ్గితే చెప్పన్నా, గట్టి సీట్లు దిగ్గొట్టిస్తాం. నూనెతో నయమయ్యే జబ్బు కాదది” అన్నాడు మేస్త్రీ. పెదనాయన ఇప్పుడు నూనె పోయడం లేదు. ఎథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను చెడగొడుతుందని విని, వాటినే కొత్తవి వేయించాడు.

మిత్రులారా, పెద్దల అనుభవాన్ని తోసిపుచ్చడానికి కాదు మనం సైన్సు చదివేది. అది ఏ యంత్రం దగ్గర పుట్టిందో, ఏ యంత్రానికి చెల్లదో కొలిచి చూపడానికి. ఆ కొలతకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఫీలర్ గేజి, ఒక నోటుపుస్తకం, ఆరు నెలల ఓపిక చాలు.