కారే చోట వెలుగు

వరి కోతల రోజుల్లో కంటి ఆసుపత్రులకు ఒక రకం రోగులు ఎక్కువగా వస్తుంటారు. వడ్లగింజ తగిలిందనో, ఆకు అంచు గీసుకుందనో, నూర్పిడి దగ్గర పొట్టు పడిందనో ఒక కన్ను అరచేత్తో మూసుకుని కూర్చుంటారు. పైకి చూస్తే ఎరుపు, నీరు కారడం తప్ప ఏమీ తెలియదు. డాక్టరు నారింజరంగు అంటిన సన్నటి కాగితపు ముక్కను తడిపి కింది రెప్ప లోపలివైపు తాకిస్తారు. రెప్పలు రెండుసార్లు ఆర్పమంటారు. నీలికాంతి వేస్తారు. నల్లగుడ్డు మీద ఒక గీత పచ్చగా వెలుగుతుంది.

పై పొర కణాలు బాగున్నంత మేరా ఆ రంగు నిలవకుండా జారిపోతుంది. అవి లేచిపోయిన చోట మాత్రం ఇంకుతుంది. గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నది అలా బయటపడుతుంది. నిర్లక్ష్యం చేస్తే ఆ సన్నగీతలోంచే బూజు జాతి క్రిములు చొరబడి చూపు తీసేయగలవు కాబట్టి, రెండు నిమిషాల ఆ పరీక్ష విలువ రోగి అనుకునేదానికంటే చాలా ఎక్కువ.

ఆ రంగు పేరు ఫ్లోరెసీన్. 1871లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. (నీలిమందును ప్రయోగశాలలో పుట్టించి, మన కడప, నెల్లూరు వైపు నీలి సాగుకు కాలం చెల్లడానికి దారి వేసిందీ ఈయనే. అది వేరే కథ.) దాని తొలినాటి ఘనకార్యాల్లో ఒకటి వైద్యానికి సంబంధించినది కాదు. దక్షిణ జర్మనీలో ఇమ్మెండింగెన్ అనే ఊరి దగ్గర డాన్యూబ్ నది సున్నపురాతి నేలలోకి ఇంకిపోతుంటుంది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయని పెద్ద తగవు. 1877లో 10 కిలోల ఫ్లోరెసీన్‌ను నదిలో కలిపారు. సుమారు 60 గంటల తర్వాత 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే ఊటలో నీళ్లు పచ్చగా మెరుస్తూ పైకొచ్చాయి. నల్లసముద్రానికి చేరాల్సిన నీళ్లలో కొంత భాగం గుట్టుచప్పుడు కాకుండా రైన్ నదిలోకి పోతోందని తేలింది.

నదికైనా కంటికైనా ఆ రంగు చేసిన పని ఒకటే. ఎక్కడ కారుతోందో చూపించింది. కణం చచ్చిందా బతికుందా అని ప్రయోగశాలలో అడిగినప్పుడు కూడా, కాస్త నిదానంగా చూస్తే, చాలావరకు అడుగుతున్నది అదే ప్రశ్న.

ప్రొపిడియం అయొడైడ్ అనే ఎర్రరంగు సంగతి చూడండి. కణం చుట్టూ ఉన్న పలచటి పొర బాగున్నంతకాలం అది లోపలికి పోలేదు. పొర చిరిగితే దూరిపోయి, కేంద్రకంలోని డీఎన్ఏ మెట్ల మధ్య ఇరుక్కుంటుంది. బయట నీళ్లలో మసకగా ఉన్న దాని వెలుగు అక్కడ 20 నుంచి 30 రెట్లు పెరుగుతుంది. సూక్ష్మదర్శినిలో ఎర్రటి చుక్క కనిపిస్తే ఆ కణం పోయిందని రాసుకుంటారు.

ఆకుపచ్చది ఇంకో తీరు. ఫ్లోరెసీన్‌కు రెండు రసాయనపు తోకలు తగిలిస్తే దాని వెలుగు ఆరిపోతుంది. ఆ రూపంలో అది కణంలోకి సులువుగా జారుకుంటుంది. లోపల మామూలుగా తమ పని తాము చేసుకుంటున్న ఎంజైములు ఆ తోకలను తెంపేస్తాయి. తెంపగానే రంగు వెలుగుతుంది, బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. 1966లో రోట్మన్, పేపర్‌మాస్టర్ దీన్ని బతికున్న జంతుకణాల్లో చూపించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే కాల్సీన్‌దీ ఇదే పద్ధతి. కాకపోతే అది లోపల ఇంకా గట్టిగా నిలుస్తుంది. ఈ రెండు రంగులనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడం నాకు ఇష్టం. ఎరుపును మనం బయటినుంచి తోస్తాం. ఆకుపచ్చను కణమే వెలిగించుకోవాలి. మనమిచ్చింది ఆరిన ముడిసరుకు మాత్రమే.

అయితే కణాలన్నీ పొర చిరిగి చావవు. తమంతట తాము, ఒక వరస ప్రకారం, పక్కవాటికి ఇబ్బంది లేకుండా తప్పుకునేవే ఎక్కువ. 2021లో వేసిన ఒక లెక్క ప్రకారం మన ఒంట్లో రోజుకు సుమారు 33,000 కోట్ల కణాలు పోయి వాటి చోట కొత్తవి వస్తుంటాయి. అందులో సింహభాగం రక్తకణాలదే. ఇంత చావు ఒంట్లో జరుగుతున్నా మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ క్రమంలో కనిపించే తొలి గుర్తుల్లో ఒకటి విచిత్రమైనది. కణం పొరకు రెండు వరసలున్నాయి. ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వు పదార్థం లోపలి వరసలోనే ఉండేట్టు కణం నిత్యం శక్తి ఖర్చుపెట్టి కాపాడుకుంటుంది. చావుకు సిద్ధపడ్డప్పుడు ఆ కాపలా తప్పిపోయి అది పైకి తేలుతుంది. చొక్కా తిరగేసి వేసుకున్నట్టు లోపలి కుట్లు బయటపడతాయి. చెత్త ఎత్తే కణాలకు ఆ కుట్లే పిలుపు. అనెక్సిన్-5 అనే ప్రొటీన్, కాల్షియం తోడుంటే, ఆ కొవ్వుకు గట్టిగా అతుక్కుంటుంది. దానికి వెలిగే రంగు తగిలించి చావు మొదటి మెట్టును పట్టుకోవడం 1990ల నుంచి వాడుకలో ఉంది. అనెక్సిన్ ఒక్కటే పట్టితే పోతున్న కణం, ఎరుపు కూడా పట్టితే పోయిన కణం. పాఠంలో ఇంతే ఉంటుంది.

పాఠం దాటితేనే చిక్కంతా. పొరకు పడ్డ చిల్లును కణాలు అతుకేసుకోగలవు. ఆ చిల్లు తెరిచి ఉన్న కాసేపట్లో దూరిన ఎర్రరంగు లోపలే ఉండిపోతుంది, కణం మాత్రం తేరుకుంటుంది. అంతకంటే ఆశ్చర్యం 2012లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కనిపించింది. ఇథనాల్ వంటి విషాలిచ్చి చావు వరసను నడిపించిన కణాలు, కుంచించుకుపోయి, ఇక అయిపోయాయనుకునే దశ దాకా వెళ్లినవి, విషాన్ని కడిగేస్తే మళ్లీ విచ్చుకుని చాలావరకు బతికేశాయి. కొన్నిటి డీఎన్ఏలో దెబ్బల మచ్చలు మాత్రం మిగిలాయి. క్యాన్సర్ మందు ఆపిన తర్వాత జబ్బు తిరగబెట్టడంలో దీని పాత్ర ఉందా అని అప్పటినుంచీ వెతుకుతున్నారు. కణమరణానికి నిర్వచనాలు చెప్పే శాస్త్రవేత్తల బృందం కూడా 2009లో జాగ్రత్తగానే మాట్లాడింది. పొర పూర్తిగా చెడాలి, లేదా కణం ముక్కలైపోవాలి, లేదా పక్క కణం దాన్ని మింగేసి ఉండాలి. అంతవరకు చచ్చిందనకండి అంది. మన పల్లెల్లో పాడె కట్టేముందు ముక్కు దగ్గర దూదిపింజ పెట్టి చూసే పెద్దవాళ్లకు ఈ తీర్మానం బాగా నచ్చుతుంది.

ఇంకో ఇబ్బంది రంగులోనే ఉంది. రంగు వెలగాలంటే దానిమీద కాంతి పడాలి. ఆ పట్టిన శక్తిలో కొంత పక్కనున్న ఆక్సిజన్‌కు చేరి దాన్ని కరిచే పదార్థంగా మారుస్తుంది. అది కణాన్ని గాయపరుస్తుంది. బతికున్న కణాన్ని ఎక్కువసేపు, ఎక్కువ వెలుగులో చూస్తే చూపే విషమవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు మసక వెలుగుతో, ఆగి ఆగి ఫొటోలు తీస్తారు. అందమైన బొమ్మ కోసం దీపం పెంచే కొత్త విద్యార్థులను సీనియర్లు కసురుకోవడం నేను చూశాను. ఆ కసురులో కణం మీద జాలి కూడా కొంత ఉంటుందని నా అనుమానం. వాళ్లు ఒప్పుకోరు.

లక్షల కణాలను లెక్కించాల్సినప్పుడు సూక్ష్మదర్శిని చాలదు. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం సన్నటి నీటిధారలో కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందునుంచి పంపుతుంది. ఏ రంగు ఎంత వెలిగిందన్నదాన్ని బట్టి ఒక్కో కణం తెరమీద ఒక్కో చుక్క. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, నాలుగు గడులు. ఆ గీతలు యంత్రంలో పుట్టవు. వాటిని పెట్టడానికి రంగు వేయని కణాలు కొన్ని కావాలి, వేడినీళ్లలో పెట్టి కావాలని చంపిన కణాలు కొన్ని కావాలి. ఈ రెండింటినీ చూసుకుని పరిశోధకురాలు గీతను జరుపుతుంది, మళ్లీ వెనక్కి లాగుతుంది. చాలా చుక్కలకు దానితో పనిలేదు, అవి ఎటూ దూరంగానే ఉంటాయి. గీత మీద పడ్డవాటిని మాత్రం సాఫ్ట్‌వేర్ ఏదో ఒక గడిలో వేసి శాతం కట్టేస్తుంది. ఏ గడి అన్నది ఆమె మౌస్ వదిలిన చోటును బట్టి.