వలస బతుకులో దేవుని నమ్మకత్వం

దేవుడు ఇచ్చిన మాట తప్పడనే భరోసా మీద రోజులు గడపడాన్ని క్రైస్తవులు విశ్వాస జీవితం అంటారు. దీనికి పునాది నిబంధన. అబ్రాహాముతోనూ, ఆయన సంతానంతోనూ దేవుడు నిబంధన చేశాడనీ, మనుషులు ఎన్నిసార్లు తప్పిపోయినా తన వైపు మాట నిలబెట్టుకున్నాడనీ బైబిలు పొడవునా కనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండము ఏడో అధ్యాయం ఆ నిబంధన వెయ్యి తరాల దాకా నిలుస్తుందంటుంది. విలాపవాక్యములు మూడో అధ్యాయంలో యెరూషలేము కూలిపోయి, జనం ఆకలితో అలమటిస్తున్న వేళ అదే నమ్మకత్వాన్ని తలుచుకుంటారు. అత్తిచెట్టు పూయకున్నా, పొలం పండకున్నా, దొడ్లో పశువు మిగలకున్నా దేవునిలో ఆనందిస్తానని హబక్కూకు ప్రవక్త అంటాడు. దేవుని నమ్మకత్వాన్ని బైబిలు గట్టిగా చెప్పిన చోట్లు చాలామటుకు ఇలాంటి కష్టకాలానివే.

అత్తిచెట్టు బదులు జొన్నచేను అనుకుంటే హబక్కూకు మాట పాలమూరు సీమలోని మక్తల్‌ ప్రాంతానికి సరిగ్గా సరిపోతుంది. నారాయణపేట జిల్లాలోని ఈ పట్టణానికి కృష్ణ, భీమ నదులు రెండూ దగ్గరే. ఆ రెండూ కలిసే తంగిడి వద్దే కృష్ణ తెలంగాణలో అడుగుపెడుతుంది. నది కనుచూపు మేరలో ఉన్నా మెట్ట పొలాలు తరతరాలుగా వాన మీదే ఆధారపడ్డాయి. సంగంబండ జలాశయం, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చింది ఇటీవలి కాలంలోనే. అంతకు ముందు జొన్న, కంది, వేరుశనగ చేతికి రాని ఏడాది ఊళ్లకు ఊళ్లు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని ముంబయి, పుణె దారి పట్టేవి. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, మేడలు కట్టిన ‘పాలమూరు లేబర్’ దేశమంతటికీ తెలిసిన పేరు. ముంబయిలోని కామాఠిపురకు ఆ పేరు ఇటు నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది.

ఈ ప్రాంతానికి సువార్త తెచ్చిన మెన్నోనైట్ మిషనరీలూ వలస వచ్చినవారే. మెన్నోనైట్ల పూర్వీకులు మత హింస తట్టుకోలేక ఐరోపాలో దేశం నుంచి దేశానికి మారి రష్యా చేరారు. వారిలో కొందరు 1870ల్లో అమెరికాకు తరలిపోయారు. రష్యా శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీజెన్ 1890లో నల్లగొండలో స్థిరపడ్డాడు. అమెరికా శాఖ నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు 1899లో వచ్చారు. తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, జడ్చర్ల వారి కేంద్రాలయ్యాయి. మక్తల్, నారాయణపేట వైపు జనం ఎం.బి. చర్చి అని పిలిచే మెన్నోనైట్ బ్రెదరన్ సంఘాలు ఆ పరంపరలోవే.

వలస కుటుంబాలకు అందరికంటే దగ్గరగా తోచే బైబిలు మనిషి యాకోబు. అన్నతో గొడవపడి, ఇల్లు విడిచి, రాయి తలగడగా పెట్టుకుని బేతేలులో పడుకున్న రాత్రి తెల్లవారాక అతను మొక్కుకున్న మొక్కుబడి ఆదికాండము ఇరవై ఎనిమిదో అధ్యాయంలో ఉంది. దేవుని తోడు, దారిలో కాపుదల, తినడానికి తిండి, కట్టుకోడానికి బట్ట, క్షేమంగా తండ్రి ఇంటికి తిరుగు ప్రయాణం: అతను కోరింది ఇవే. బదులుగా తన రాబడిలో పదో వంతు ఇస్తానన్నాడు. ఊరు విడిచి వెళ్లే కూలీ ఇంటి ప్రార్థనలో నేటికీ ఇవే మనవులు వినిపిస్తాయి. జొన్నపిండి మూట, వంటపాత్రల సంచి కట్టడం అయ్యాక పాస్టర్‌గారో సంఘపెద్దో వచ్చి చాపమీద కూర్చుని వాక్యం చదువుతారు. పిల్లల తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బైబిలు సంచిలో అన్నిటికన్నా పైన పెడతారు.

రోజువారీ జీవితంలో ఈ నమ్మకం కొన్ని అలవాట్ల రూపంలో నిలుస్తుంది. వాటిలో మొదటిది కుటుంబ ప్రార్థన. నిర్గమకాండంలో మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. మర్నాటికి దాస్తే పురుగు పట్టేది. దినకూలీ మీద బతికే ఇంట్లో అనుదినాహారం కోసం చేసే ప్రార్థన అర్థం వివరించి చెప్పాల్సిన పని ఉండదు. రెండోది సాక్ష్యం. ఆదివారం ఆరాధనలో ఒకరు లేచి, దేవునికి స్తోత్రం చెప్పి, జ్వరం తగ్గిన సంగతో, ఆగిపోయిన కూలీ డబ్బు చేతికందిన సంగతో వివరిస్తారు. అలా ఒక ఇంటి అనుభవం సంఘమంతటి జ్ఞాపకంలో చేరుతుంది. మూడోది వాగ్దానం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికని వాక్యం రాసిన కార్డు తీసుకుని ఏడాది పొడవునా గోడకు అంటించుకుంటారు. నాలుగోది కానుక. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు పక్క కుండలో వేసి ఆదివారం గుడికి తెచ్చే ఆడవాళ్లున్నారు. కోతకాల పండుగనాడు కోడి, గుమ్మడికాయ, కంకుల కట్ట బల్ల ముందుకు వస్తాయి. ఆరాధన ముగిశాక అక్కడే వేలం. పాట పెరిగే కొద్దీ నవ్వులు, కేకలు. వందకు రాని గుమ్మడికాయకు అయిదు వందలు పాడినవాళ్లను ఎవరూ వెర్రివాళ్లనుకోరు. తన దగ్గర ఉన్నది కొంచెమే అయినా అందులో భాగం ఇవ్వడమంటే రేపటి సంగతి దేవుడు చూసుకుంటాడని పదిమందిలో ఒప్పుకోవడం.

అడిగింది దొరకనప్పుడే ఈ నమ్మకానికి అసలు పరీక్ష. ఈ విషయం మీద లోతుగా ఆలోచించినవారిలో పాల్ హీబర్ట్ ఒకరు. 1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టి, తర్వాత మానవశాస్త్రవేత్త అయి, పాలమూరు పల్లె కొండూరు మీద 1971లో పుస్తకం వెలువరించారు. ముచ్చింతల పల్లెలో జరిగిన ఒక సంగతిని ఆయన రాశారు. ఊళ్లో మశూచి వ్యాపించింది. మైసమ్మకు దున్నపోతును బలి ఇవ్వాలని ఊరి పెద్దలు ఇంటింటా చందా అడిగారు. క్రైస్తవులు ఇవ్వలేదు. ఊరు వాళ్లను వెలివేసి బావి నీళ్లు కూడా ఆపింది. ఇంతలో ఒక క్రైస్తవ బాలికకే మశూచి సోకింది. సంఘపెద్ద నడిచి వచ్చి ప్రార్థించమన్నాడు. హీబర్ట్ ప్రార్థించారు. వారం తర్వాత పాప చనిపోయిందన్న కబురు వచ్చింది. హీబర్ట్ తాను ఓడిపోయానని కుంగిపోయారు. కొన్ని వారాలకు ఆ పెద్ద మళ్లీ వచ్చాడు, ఈసారి ధైర్యంగా. అతని మాటల సారం ఇది: పాప బతికితే ఊరు మన దేవుని శక్తిని ఒప్పుకునేదే. కానీ ఎప్పటికైనా చావక తప్పదని వాళ్లకూ తెలుసు. సమాధి దగ్గర పునరుత్థాన నిరీక్షణతో మనవాళ్లు నిలబడ్డ తీరు చూశాక ఊరివాళ్లే వచ్చి ఈ మార్గం ఏమిటని అడుగుతున్నారు. పండితుడైన మిషనరీకి అందని సమాధానం పల్లె పెద్దకు అందింది. జబ్బు నయం కావడమొక్కటే దేవుని నమ్మకత్వానికి రుజువు అనుకుంటే ఆ ఇంటి నమ్మకం ఆ వారమే పోవాలి.

లాభం కోసం వచ్చే నమ్మకాన్ని సంఘం మొదటి నుంచీ జాగ్రత్తగానే చూసింది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలిపని కల్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కష్టం తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక కూడా బాప్తిస్మం కోరే జనం తగ్గలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

సముద్రం దాటి వలస వెళ్లినవారి చరిత్రలోనూ లాభం చూడని ఈ నమ్మకమే కనిపిస్తుంది. 1860 నుంచి అయిదేళ్ల ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారిలో బాప్టిస్టులు ఉన్నారు. పాస్టరు లేకపోయినా వాళ్లు కూడుకోవడం మానలేదు. బోధకుణ్ణి పంపమని నెల్లూరు వైపు కబురు పెట్టారు. తెలుగు బాప్టిస్టులు సొంతంగా నడిపిన హోం మిషన్ సంఘం 1903లో జాన్ రంగయ్యను అక్కడికి పంపింది. కియర్స్‌నీ తేయాకు తోటలో ఆ ఏడాదే తెలుగు సంఘం ఏర్పడింది. పేద సంఘాల కానుకలతో సాగిన ఈ ప్రయాణం దేవుని నమ్మకత్వం మనుషుల చేతుల మీదుగా ఎలా అందుతుందో చూపిస్తుంది. నేడు కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో పలు భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధిస్తాయి. తెలుగు సంఘానికీ అక్కడ చోటుంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనా ఆ రోజే. డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు, కంపెనీ కార్మికులు వారమంతా దాచుకున్న ప్రార్థన మనవులు చీటీల మీద రాసి ఇస్తారు: ఊళ్లో అప్పు, అమ్మ ఆరోగ్యం, తమ్ముడి పెళ్లి, వీసా గడువు.

ఈ నమ్మకం పక్కదారి పట్టే తీరులూ ఉన్నాయి. కానుక వేస్తే రెట్టింపు వస్తుందని చెప్పేవారు మొక్కుబడిని వడ్డీ వ్యాపారంగా మారుస్తారు. అలాంటి మాట నమ్మి అప్పు తెచ్చి కానుక వేసిన ఇల్లు ముందు మేస్త్రీ చేతిలో చిక్కుతుంది. ప్రార్థనే చాలని మందు మానడం ఇంకొక పొరపాటు. మిషనరీలు ప్రార్థన నేర్పిన చోటనే ఆస్పత్రీ కట్టారు. జడ్చర్ల ఆస్పత్రి పాలమూరు జనానికి తెలిసిందే. కష్టం వచ్చినవాడి విశ్వాసం తక్కువని నిందించడం మూడోది. ముచ్చింతల తల్లిదండ్రుల ముందు ఆ మాట నిలవదు.

తిరుగు ప్రయాణంలో అందరూ యాకోబులా మందలతో రారు. కరువుకు బేత్లెహేము విడిచి మోయాబు వెళ్లిన నయోమి భర్తనూ కొడుకులనూ పోగొట్టుకుని వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆమె ఇంట్లోకి గింజ వచ్చింది కోడలు రూతు పరిగె ఏరబట్టే. కోత కోసేటప్పుడు పొలం అంచులు బీదలకు, పరదేశులకు వదలాలని లేవీయకాండము రైతులకు ముందే విధించింది. ఆ పొలం యజమాని బోయజు ఆ విధిని పాటించినందుకే నయోమికి దేవుడు తనను మరవలేదని తెలిసింది. జబ్బుతోనో అప్పుతోనో తిరిగొచ్చిన కూలీని సంఘం ఎలా చూస్తుందన్నదీ దేవుని నమ్మకత్వం అందే తీరులో భాగమే. దేవుడు నమ్మదగినవాడని ఆదివారం సాక్ష్యం చెప్పే సంఘానికి, సోమవారం ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో కనుక్కునే బాధ్యత కూడా ఉంది.