ఏదీ, మౌస్ ఇలా ఇవ్వు

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు పట్టుకోవడం వరకే మా వంతు, దిద్దడం రాసినవాళ్ల వంతు. ఏం నొక్కితే తప్పు వచ్చింది, అసలు ఏం రావాలి, దాని బదులు ఏం వచ్చింది, ఈ మూడూ రాసి డెవలపర్‌కి పంపిస్తాం. "మా సిస్టమ్‌లో బాగానే వస్తోందండీ" అని అతను తిప్పి కొడితే ఓపిగ్గా మళ్ళీ చూపిస్తాం. అంతేగాని అతని కుర్చీలో కూర్చుని కోడ్ మార్చెయ్యం. ఆఫీసులో ఇన్నేళ్లూ తు.చ. తప్పకుండా పాటించిన ఈ పద్ధతిని పిల్లల దగ్గరికొచ్చేసరికి గాలికొదిలేశాను. మా అపార్ట్‌మెంట్ పిల్లలకీ, మా అమ్మాయికీ అలా నేను చేసిన నష్టం గురించే ఇది.

2020 లాక్‌డౌన్‌లో టీవీ పెడితే చాలు, పిల్లల కోడింగ్ క్లాసుల ప్రకటనలే. ఆ ఏడాదే వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల మధ్య కోడింగ్ ఉండాలంది. ఇంకేముంది, తల్లిదండ్రులందరికీ ఒకటే కంగారు. బడులు తెరిచాక మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారు: "మనలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లమే కదా, వేలకు వేలు పోసి బయట చేర్పించడం ఎందుకు?" ఆ మాటకి ముందుగా చెయ్యెత్తింది నేనే. ఆదివారం పొద్దున్నే క్లబ్‌హౌస్‌లో నాలుగు బల్లలు వేసి, ఇళ్లలో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లు పోగుచేసి మొదలుపెట్టాం.

ఏమీ తెలుసుకోకుండా దిగలేదు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో మొదలైన కోడర్‌డోజో గురించి, మరుసటేడు బ్రిటన్‌లో మొదలైన కోడ్ క్లబ్ గురించి చదివాను. రెండూ వాలంటీర్ల మీద నడిచేవే, పిల్లల దగ్గర పైసా తీసుకోనివే. కోడర్‌డోజోల్లో ఒక నియమం వాడుకలో ఉంది: ముందు ముగ్గుర్ని అడుగు, ఆ తర్వాతే నన్నడుగు. తోటి పిల్లల్ని అడిగి, వెతుక్కుని, అప్పటికీ తేలకపోతేనే పెద్దవాళ్ల దగ్గరికి రావాలని దానర్థం. నాకు తెగ నచ్చింది. పెద్దక్షరాల్లో ప్రింటు తీసి గోడకి అంటించాను కూడా. దాన్ని మొదట తప్పింది ఆ గదిలో నేనే.

పిల్లలకి స్క్రాచ్ నేర్పించాం. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో విడుదల చేసిన ఉచిత ప్రోగ్రామ్ అది. కోడ్ టైప్ చెయ్యనక్కర్లేదు, రంగురంగుల బ్లాకుల్ని మౌస్‌తో లాక్కొచ్చి ఒకదాని కింద ఒకటి తగిలిస్తే చాలు. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఇలా మౌస్‌తో అతికించేది కాబట్టే నాకు మరీ సులువైపోయింది. ఎవరైనా "ఆంటీ, రావట్లేదు" అనడం ఆలస్యం, "ఏదీ, మౌస్ ఇలా ఇవ్వు" అంటూ వంగేదాన్ని. రెండు బ్లాకులు అటూ ఇటూ మార్చేదాన్ని. "చూశావా, ఇంతే" అని ఇంకో బల్ల దగ్గరికి పరుగు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో చెయ్యి పట్టుకుని రాయించినట్టు, ప్రతి ఆదివారం అందరిచేతా నేనే రాయించాను.

ఐదో తరగతి పిల్ల ఒకతి మామిడికాయల ఆట చేసింది. పైనుంచి కాయ పడుతుంది, కింద బుట్టని బాణం మీటలతో అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. ఒక్క కాయ పడితే స్కోరు ఒకటి పెరగాలి. కానీ గబగబా పది దాటిపోతోంది. కారణం నాకు చూడగానే తెలిసింది. కాయ బుట్టకి తగిలిందా అని చూసే బ్లాకు, ఆగకుండా తిరిగే లూప్‌లో ఉంది. స్క్రాచ్‌లో ఆ లూప్ సెకనుకి దాదాపు 30 సార్లు తిరుగుతుంది. కాయ బుట్టని దాటిపోయేలోగా ఎన్ని చుట్లు తిరిగితే అన్నిసార్లూ స్కోరు పెరుగుతుంది. తగలగానే కాయని మళ్ళీ పైకి పంపేస్తే సరి. మౌస్ తీసుకుని ఆ బ్లాకు పెట్టేసి, ఆ పిల్ల ముఖం కూడా చూడకుండా వెళ్లిపోయాను.

తర్వాత తల్లిదండ్రుల్ని పిలిచి ప్రదర్శన పెట్టాం. ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్‌లన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. కూర్చుని ఒక్కో ఆటా సరిచేశాను. ఆగిపోయేవి ఆగకుండా చేశాను. స్కోరు లేనివాటికి స్కోరు పెట్టాను. మర్నాడు చప్పట్లే చప్పట్లు. మామిడికాయల ఆట చూసి ఒక తాతగారికి ముచ్చటేసింది. రిటైరైన లెక్కల మాస్టారు కాబోలు, స్క్రీన్ మీద వేలుపెట్టి, "ఈ ముక్క ఇక్కడెందుకు పెట్టావమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా, "ఏమో తాతగారూ, ఆంటీ పెట్టారు" అంది. ఆయన నాకేసి చూసి నవ్వారు. నేనూ నవ్వేసి, టీ తెస్తానని అక్కణ్ణుంచి తప్పుకున్నాను.

ఇంట్లో ఇంతకన్నా ఘోరం. మా అమ్మాయి స్క్రాచ్‌లో పిల్లి చేత కబుర్లు చెప్పించుకుంటూ, దానికి డ్రెస్సులు మార్చుకుంటూ గంటలు గడిపేది. అది నాకు ఆటలా కనిపించింది. టెస్టర్ కూతురు పదేళ్లొచ్చినా బొమ్మలతో ఆడటమేమిటని, కోడ్ టైప్ చేసి రాసే పైథాన్ భాషలోకి దింపాను. పైథాన్‌లో వరస మొదట్లో ఖాళీ ఒకటి ఎక్కువైనా తప్పే, ప్రింట్ అన్న మాటలో మొదటి అక్షరం పెద్దది పడినా తప్పే. ప్రతిసారీ ఇంగ్లీషులో ఎర్ర గీతల సందేశం. పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని, అమ్మాయి అది చదివేలోపే "నాలుగో లైను చూడు" అనేదాన్ని. కొన్నాళ్లకి అది టైప్ చెయ్యడం మానేసి, ప్రతి అక్షరానికీ నా ముఖం చూడటం మొదలుపెట్టింది. చివరికి, "నువ్వే రాసెయ్యమ్మా, నేను చూస్తా" అంది.

నేను చేస్తున్నది తప్పని ఆఫీసులో తెలిసొచ్చింది. మా టీములో కొత్తగా చేరిన అబ్బాయి, తను చూస్తున్న టెస్ట్ ఫెయిలవుతుంటే డెవలపర్‌కి చెప్పకుండా తనే సెట్టింగ్ మార్చి పాస్ చేయించాడు. గట్టిగానే చెప్పాను: "నువ్వు మారిస్తే తప్పు పోయినట్టు కనిపిస్తుందే తప్ప, రాసినవాడికి తెలియదు బాబూ. రేపు మళ్ళీ అదే రాస్తాడు." అలా అంటుండగానే తాతగారి నవ్వు గుర్తొచ్చింది. అతనికి క్లాసు పీకే అర్హత నాకెక్కడిది? క్లబ్‌హౌస్‌లో నేను చేస్తున్నదీ అదే కదా.

మరుసటి ఆదివారం నుంచి ఆఫీసు పద్ధతే అక్కడా పెట్టాను. ఎవరైనా పిలిస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం. మూడే ప్రశ్నలు: ఏం చేశావు? ఏమవుతుందనుకున్నావు? ఏమైంది? ఆశ్చర్యమేమిటంటే, రెండో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోయేవాళ్లు. ఏమవ్వాలో తామే అనుకోలేదని అప్పుడు తెలిసేది. తెలిశాక, మూడో ప్రశ్న నేను అడక్కుండానే మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగేవాళ్లు.

మామిడికాయల పిల్ల చేత పాత ఆటనే మొదట్నుంచి చేయించాను. స్కోరు మళ్ళీ ఎగబాకింది. ఈసారి నేను కదల్లేదు. చాలాసేపు జుట్టు పీక్కుని, స్కోరు పెంచే బ్లాకు కింద "ఒక సెకను ఆగు" అన్న బ్లాకు తగిలించింది. ఆ సెకనులోపు కాయ బుట్ట దాటిపోతుంది కనుక స్కోరు ఒకటే పెరిగింది. నా లెక్కన అది మొరటు పని. చెయ్యి దురద పెట్టింది, ఊరుకున్నాను. ఆ పిల్లే సరదాకి కాయని నెమ్మదిగా పడేలా చేసింది. సెకను చాలక స్కోరు రెండు పెరిగింది. ఒకటిముప్పావు సెకన్లు పెట్టింది. ఇంకా నెమ్మది చేస్తే అదీ చాలలేదు. అప్పుడు పక్కవాణ్ణి అడిగింది. ఇద్దరూ కాసేపు వాదించుకుని, "పట్టుకున్నాక కాయ ఇంకా బుట్టలో ఎందుకుండాలి? పైకి పోవాలి కదా!" అనుకున్నారు. నేను అరనిమిషంలో పెట్టిన బ్లాకే అది. ఈసారి అది ఎందుకక్కడ ఉందో తాతగారికి అరగంట చెప్పగలదు.

1967లో పిల్లల కోసం లోగో భాషని తయారుచేసినవాళ్లలో ఒకరైన సీమోర్ పేపర్ట్ 1980లో 'మైండ్‌స్టార్మ్స్' అన్న పుస్తకం రాశారు. ప్రోగ్రామ్ తప్పా ఒప్పా అన్నది కాదు, దాన్ని బాగుచెయ్యగలమా లేదా అన్నదే పిల్లలు అడగాల్సిన ప్రశ్న అన్నది ఆయన వాదం. స్క్రాచ్ కూడా ఆ ఆలోచనల్లోంచి వచ్చిందే. తప్పుల మీదే జీతం తీసుకునే నాకు ఈ సంగతి అర్థం కావడానికి ఇంతకాలం పట్టింది.

ఇంకో పొరపాటూ బయటపడింది. ఒక్కో ల్యాప్‌టాప్‌కి ఇద్దరు పిల్లలు. చేతులు కట్టుకుని దూరం నుంచి చూస్తే, మౌస్ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటోంది. చాలా బల్లల దగ్గర మగపిల్లాడు మౌస్ పడితే, ఆడపిల్ల నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. నేను లాక్కుంటున్నన్నాళ్లూ ఇది నా కంట పడనేలేదు. ఇప్పుడు పది నిమిషాలకోసారి గంట కొడతాం, మౌస్ చేతులు మారాలి.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మా అమ్మాయి పైథాన్ వైపు మళ్ళీ చూడలేదు, నేనూ అడగలేదు. స్క్రాచ్‌లో పిల్లికి పెళ్లి చేస్తోంది, నన్ను పిలిస్తేనే వెళ్తున్నాను. క్లబ్బులో ఆటలు తక్కువ పూర్తవుతున్నాయి. మొన్నటి ప్రదర్శనలో సగం ఆటలు మధ్యలో ఆగిపోయాయి. "పోయినసారి బాగా చేశారండీ, ఈసారేంటి ఇలా?" అని ఒకావిడ నొచ్చుకుంది. పోయినసారి చేసింది పిల్లలు కాదు, నేనని ఆవిడకి ఉన్నమాట చెప్పేశాను.