గీజరు నోరు కట్టకండి!

ఒకప్పుడు మన ఇళ్లలో స్నానానికి నీళ్లు కాగేది రాగి బంబులో. తెలుగు దేశంలో చాలాచోట్ల దాన్నే బాయిలరు అంటారు. షోలాపూర్‌లో ఉన్న మనకు మరాఠీ మాటే అలవాటైంది. నడిమి గొట్టంలో బొగ్గులో, కట్టెపేళ్లో వేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగేవి. పైన మూత వదులుగా ఉండేది కాబట్టి ఆవిరి తన దారిన తాను పోయేది. ఇప్పుడు హోట్గి రోడ్‌లో నేత పనివాళ్ల ఇళ్లలో కూడా బంబులు అటకెక్కాయి, స్నానాల గదుల గోడలకు గీజర్లు వచ్చాయి. బంబు తెరిచిన పాత్ర, గీజరు మూసిన పాత్ర. ఈ తేడా తెలియకపోతే ఎంత ప్రమాదమో మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

నిరుడు మార్కండేయ రథోత్సవానికి నాలుగు రోజుల ముందు మా 15 లీటర్ల గీజరు కింద ఉన్న వాల్వు నుంచి చుక్కలు పడడం మొదలైంది. నీళ్ల విలువ బాగా తెలిసిన ఊరు మాది. పండుగనాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకోవాలి. ప్లంబరును పిలిపించాం. కుర్రవాడు, పనిమంతుడే. చూసి, "ఈ గొట్టానికి బిరడా కొట్టేస్తే చుక్క కూడా రాదు" అన్నాడు. మావారు సరేనన్నారు.

మంచం మీద పడుకున్న మా మామగారు లేచి వచ్చారు. ఆయన నూలు అద్దకం కార్ఖానాలో ముప్పై ఏళ్లు బాయిలరు దగ్గర పనిచేసిన మనిషి.

"నోరు కడ్తవా బిడ్డా? లోపల ఒత్తిడి ఎక్కువైతే ఎటు పోవాలె?" అన్నారు.

"నాయినా, మీ కార్ఖానా బాయిలరు వేరు, ఇది వేరు" అన్నారు మావారు.

"పొయ్యి వేరు. నీళ్లు అవే."

ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయాం. తర్వాత ఆయన మాకు అరటిపండు ఒలిచినట్టు వివరించారు. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 20 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు కాగితే 15 లీటర్లలో ఇంచుమించు ఒక గ్లాసెడు పెరుగుతాయి. వాల్వులో వెనక్కి పోనివ్వని ఏర్పాటు ఉంటుంది కనుక ఆ గ్లాసెడు నీళ్లకు వేరే దారి లేదు. అందుకే కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే అది జబ్బు కాదు, వాల్వు తన పని తాను చేస్తున్నట్టు.

అసలు భయం వేరు. వేడిని ఆపే థర్మోస్టాట్ చెడిపోయి, దాని వెనక ఉన్న రెండో రక్షణ కూడా పనిచేయకపోతే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా బిగబట్టుకుని ఉంటాయి. ఆ పాత్ర పగిలిందంటే నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్ల చోటు కావాలి. చిన్న స్నానాల గదిలో, లోపల పసిపిల్లవాడు ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1679లో డెనీ పపాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆవిరితో ఎముకలను మెత్తగా ఉడికించే పాత్ర తయారు చేశాడు. అది పేలిపోకుండా బరువుతో మూసుకునే వాల్వు పెట్టాడు. మన ప్రెషర్ కుక్కర్‌కు తాత అదే. కుక్కర్ వెయిటుకు గుడ్డ కట్టి మూసే ఆడది ఎక్కడైనా ఉంటుందా? గీజరు వాల్వూ అంతే. కార్ఖానాల బాయిలర్లకైతే 1923 నాటి చట్టం కింద ఏటా తనిఖీ ఉండేది. ఇంట్లో గీజరుకు తనిఖీదారు మనమే.

మరి మా వాల్వు మంచిదా, చెడ్డదా? మామగారు రాత్రి స్విచ్చి కట్టేయించి కింద బకెట్ పెట్టించారు. తెల్లవారేసరికి చన్నీళ్లతోనే సగం నిండింది. మా ట్యాంకు గీజరుకు 10 మీటర్ల ఎత్తున కూడా లేదు. 10 మీటర్ల నీటి ఎత్తుకు ఒత్తిడి ఒక బార్. వాల్వు మీద రాసి ఉన్నది 8 బార్. ఒత్తిడి అంత తక్కువున్నా, చన్నీళ్లకే కారుతోందంటే తప్పు వాల్వుదేనని తేలింది.

ఆ పొద్దునే కొత్తది వేయించాం. కరెంటు మెయిన్‌లో ఆపి, నీళ్లు కట్టేసి, గీజరు పూర్తిగా చల్లారిందని చూసుకున్నాకే పానా పట్టనిచ్చారు మామగారు. కొత్త వాల్వు మీదా అదే 8 బార్ ఉందో లేదో చూశారు. బాణం గుర్తు గీజరు వైపు ఉంచి, మరకు టెఫ్లాన్ టేపు చుట్టించి బిగింపించారు. వేడినీళ్ల కుళాయిలోంచి గాలి పోయి ధార సమంగా వచ్చేదాకా స్విచ్చి ముట్టనివ్వలేదు. పాత వాల్వు విప్పి చూస్తే, లోపల మూసుకునే చోట నీళ్ల సున్నం గట్టిపడి బియ్యపు గింజంత పెచ్చు ఇరుక్కుని ఉంది.

ప్లంబరు కుర్రవాడు దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "తాతా, ఇంకా రెండిళ్లలో నేను బిరడాలు కొట్టాను" అన్నాడు. మామగారు తిట్టలేదు. "ఇప్పుడే పోయి తియ్యి" అన్నారంతే. కుర్రవాడు కూలి డబ్బులు కూడా తీసుకోకుండా సైకిలెక్కాడు. ఆ సాయంత్రం తిరిగొచ్చి రెండూ ఊడదీశానని చెప్పాకే మామగారు అన్నానికి కూర్చున్నారు.

చదువుతున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఒక్క మనవి. ఈ ఆదివారం మీ గీజరు కింద ఒకసారి తొంగి చూడండి. వాల్వు గొట్టానికి బిరడా గానీ, పుల్ల గానీ, గుడ్డపీలిక గానీ ఉంటే ముందు స్విచ్చి ఆపి, తెలిసినవాళ్లను పిలిచి తీయించండి. కారే వాల్వును మార్పించండి, మూయించకండి.