పూలవలయం మీద ఎవరి పేరు?

పుదుచ్చేరిలో నవంబరు నెల పూలతోనే మొదలవుతుంది. ఒకటో తేదీ విమోచన దినం. 1954లో ఆనాడే ఫ్రెంచి ప్రభుత్వం పాలనను భారతదేశానికి అప్పగించింది. రెండో తేదీ సమాధుల పండుగ. పదకొండో తేదీ మొదటి ప్రపంచయుద్ధ విరమణ దినం. ఆ రోజు సముద్రతీరాన ఉన్న ఫ్రెంచి యుద్ధస్మారకం వద్ద నివాళి. మొదటిదీ చివరిదీ ప్రభుత్వాలవి. నడుమనున్నది కుటుంబాలది.

పట్టణం నుంచి కడలూరు దారిలో నది దాటితే అరియాంకుప్పం. ఆరోగ్యమాత చర్చి ఉన్న పాత ఊరు. చేరువనే అరికమేడు, 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించగా రోమనులతో వర్తకం సాగించిన రేవు ఆనవాళ్లు బయల్పడినది అక్కడే. మరణించినవారిని మరవని క్రైస్తవ కుటుంబాలకు ఇక్కడ రెండో తేదీయే ముఖ్యం. సమాధికి సున్నం వేస్తారు, పూలు పరుస్తారు, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తారు.

పూలవలయాన్ని ఇంట్లోనే కట్టాలంటే ఓర్పు కావాలి. వెదురు బద్దను వంచి, ఎండుగడ్డి చుట్టి, అరటినారతో బిగించాలి. అడుగున ఆకు పరచి, ఒక పువ్వు కాడను మరొక పువ్వు కప్పేటట్లు ఒకే దిశగా కట్టుకుంటూ పోవాలి. మల్లె త్వరగా వాడుతుంది కనుక చేమంతి, బంతి మేలు. చివరి పువ్వు మొదటి పువ్వును కలిసే చోట ముడి కనిపించకూడదు. అలా కట్టిన వలయం మీద కట్టినవారి పేరు ఉండదు. పూలు వాడాక వాటిని తీసివేసేదీ ఆ చేతులే.

ప్రభుత్వ నివాళి తీరు వేరు. వలయాన్ని ఎవరో కడతారు, మరెవరో మోసుకొస్తారు. నాయకుడు వెనుక నడిచివచ్చి చివర చేయి తాకిస్తాడు. మృతుని పేరు రాతి మీద ఉంటుంది, నాయకుని పదవి రిబ్బను మీద ఉంటుంది. కెమెరాలు వెతికేది రెండోదానినే. తెలుగు పత్రికలు దీనిని ‘పుష్పగుచ్ఛం’ అంటాయి. గుచ్ఛమంటే గుత్తి. కొత్త మంత్రికి అందించేదానికీ, అమరుల సమాధిపై ఉంచేదానికీ మనకు ఒకే మాట. తమిళులు మాత్రం ‘మలర్ వళయం’ అని దానిని వేరుగా గుర్తించారు.

ఈ తేడా మాటలతో తీరేది కాదు. 1936 జూలై 30న ఇదే పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలీసుల కాల్పులకు పన్నెండుమంది మిల్లు కార్మికులు బలయ్యారు. ఫ్రెంచి ఇండియాకు ఎనిమిది గంటల పనిదినాన్ని తెచ్చిపెట్టినది ఆ పోరాటమే. వారికి నేటికీ పూలు అందుతున్నాయి. మరోవైపు 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పనివేళల గరిష్ఠ పరిమితిని తొమ్మిది నుంచి పది గంటలకు పెంచే సవరణను ఆమోదించింది. మేడే నాడు కార్మిక అమరులకు అంజలి ఘటించని పాలకపక్షం మన రాష్ట్రాలలో అరుదు.

రిబ్బను మీద పేరు రాయడమంటే సంతకం చేయడమే. దేనికోసం ఆ మనిషి మరణించాడో దానిని తాము నిలబెడతామని ఒప్పుకోవడమే. అరియాంకుప్పంలో సమాధి ముందు మోకరిల్లే కుటుంబానికి ఆ సంతకం అక్కరలేదు. ఏడాది తిరిగేసరికి వారు మళ్లీ వస్తారు. సంతకం చేసినవారు ఆ తరువాత ఏ బిల్లుపై చేయి ఎత్తారో చూడవలసిన బాధ్యత మాత్రం పౌరులది.